ఇంటికప్పు మీది చిరంజీవి

బాలలూ, కిందటి నెల ఇదే పేజీలో గుమ్మడిపాదు సంగతి చెప్పుకున్నాం. ఈ నెల కాకరపాదు వంతు. కాని మధ్యలో ఒక ఉత్తరం వచ్చిపడింది. దాని సంగతి చెప్పకుండా కాకరపాదు దగ్గరికి పోవటానికి నాకు మనసొప్పలేదు. కాకరకాయ ఎక్కడికీ పోదు, దాని చేదూ తగ్గదు. పై నెల చూద్దాం.

ఉత్తరం రాసింది మా చెల్లెలి మనమరాలు. పదేళ్ళ పిల్ల. అమ్మా నాన్నలతో స్విట్జర్లాండులో ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నది. వాళ్ళ ఊరి వెనకనే ఆల్ప్స్ కొండలు. పిల్ల తెలుగు బాగానే రాస్తుంది గాని, ఒత్తులు మాత్రం తనకు తోచినచోట పెడుతుంది. అవి సరిచేసి ఆ ఉత్తరం ఇక్కడ ఇస్తున్నాను.

"తాతయ్యా, మా పక్కింటి బామ్మగారు కిందటి చలికాలంలో పోయారు. ఆవిడకు తొంభై ఏళ్ళు. అంతకు ముందే నాకొక మట్టిమూకుడు ఇచ్చారు. అందులో రాతిగులాబిలాంటి మొక్క ఉన్నది. దాని పేరు హౌస్‌వుర్ట్స్. బామ్మగారు చిన్నప్పుడు వాళ్ళమ్మగారి ఇంటికప్పు మీది నుంచి దాన్ని తెచ్చుకున్నారట. దీనికి చావు లేదు అని నాతో చెప్పారు. ఇప్పుడు అది మధ్యలో నుంచి పొడుగ్గా పైకి లేస్తున్నది. పువ్వు పూస్తే చచ్చిపోతుందని మా బళ్ళో ఒకమ్మాయి చెప్పింది. ఆ కాడ కోసేస్తే బతుకుతుందా? కత్తెర తీసి పెట్టుకున్నాను. తొందరగా చెప్పు. నువ్వు చెప్పినట్టే ఏప్రిల్లో దాని చుట్టూ వచ్చిన చిన్నచిన్న బంతులన్నీ గిల్లి పారేశాను."

ఉత్తరం మొదటినుంచీ హాయిగా చదువుతున్న నాకు ఆ చివరి వాక్యం చూడగానే చెమటలు పట్టాయి. నేను చెప్పానా? అవును, నేనే చెప్పాను! ఏప్రిల్లో ఫోనులో మాట్లాడుతూ, "తాతయ్యా, మొక్క చుట్టూ పిలకలు వస్తున్నాయి, ఏం చెయ్యను?" అని అడిగింది. నేను మా దొడ్లో అరటి బోదెల మధ్య నిలబడి ఉన్నాను. అరటికి పిలకలు ఎక్కువైతే తల్లి నీరసించి గెల చిన్నదవుతుందని ఏ రైతును అడిగినా చెబుతాడు. ఆ ధ్యాసలో, "తీసి పారెయ్యి, తల్లికి బలం" అనేశాను. ఏ మొక్క అని అడగనన్నా అడగలేదు!

ఉత్తరంతోపాటు ఒక ఫోటో కూడా ఉన్నది. మూకుడు నిండా ఒకే ఒక పెద్ద మొక్క, మధ్యన లేస్తున్న కాడ. పిలక ఒక్కటీ కనపడలేదు. ఉత్తరానికి ఉత్తరం రాస్తే పదిరోజులు పడుతుంది కనక వెంటనే ఫోను చేసి రెండు మాటలు చెప్పాను. ఒకటి, కత్తెర లోపల పెట్టెయ్యి. రెండు, ఆ బంతులు ఎక్కడ పారేశావో జ్ఞాపకం చేసుకో.

ఎందుకు ఇల్లా చెప్పానో మీకు తెలియాలంటే ఆ మొక్క కథ తెలియాలి.

ఆల్ప్స్, పిరనీస్, కార్పేతియన్, కాకసస్ కొండల్లో, రెండు మూడు వేల మీటర్ల ఎత్తున కూడా, రాళ్ళ సందుల్లో ఈ మొక్క పెరుగుతుంది. దానికి కాండం అంటూ పైకి కనిపించదు. దళసరి ఆకులు ఒకదాని పక్కన ఒకటి గుండ్రంగా, సగం విచ్చిన తామరపువ్వులాగా నేలకు కరుచుకుని ఉంటాయి. చూడటానికి పువ్వు, నిజానికి అన్నీ ఆకులే. మనం దాన్ని ఆకుపువ్వు అందాం. కొన్ని జాతుల్లో ఆకుపువ్వు బొత్తాం అంత, కొన్నిటిలో విప్పిన అరచెయ్యి అంత. రంగులు కూడా రకరకాలు. ఆకుపచ్చ, బూడిద, చివళ్ళు మాత్రం ఎరుపు, కొన్ని ఋతువును బట్టి నిలువునా ఎర్రబడతాయి. ఒక జాతి అయితే మరీ వింత. ఒక్కొక్క ఆకు కొన నుంచి తెల్లటి నూలుపోగులు బయలుదేరి పక్క ఆకు కొనకు తగులుకుంటాయి. సాలీడు గూడు కట్టిందేమో అనుకుంటాం. కాదు, మొక్కే తనకు తాను దుప్పటి నేసుకుంది.

స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో అచ్చువేసిన గొప్ప పుస్తకంలో దీని పేరు సెంపర్‌వైవం అని రాశాడు. లాటిన్ భాషలో సెంపర్ అంటే ఎల్లప్పుడూ. వైవం అంటే బతికి ఉండేది. మన మాటల్లో చిరంజీవి. ఇళ్ళ కప్పుల మీద పెరిగే జాతికి ఆయన టెక్టోరం అనే రెండో పేరు తగిలించాడు. కప్పులకు సంబంధించినది అని దాని అర్థం.

మొక్కలు కప్పుల మీద పెరగటమేమిటి? మన ఇళ్ళ మీద రావి మొలిస్తే పీకి పారేస్తాం. వాళ్ళేమో ఈ మొక్కను కోరి పెట్టుకునేవారు. సుమారు 1200 ఏళ్ళ కిందట యూరపులో శార్లమేన్ అనే చక్రవర్తి ఉండేవాడు. తన తోటల్లో ఏయే మొక్కలు పెంచాలో ఆయన కాలంలో ఒక పెద్ద పట్టిక తయారైంది. ఆ పట్టిక చివర, తోటమాలి తన ఇంటి మీద జూపిటర్ గడ్డం మొక్కను పెంచాలని ఉన్నది. అది ఈ మొక్కే. జూపిటర్ రోమనుల దేవుడు. మన ఇంద్రుడి చేతిలో వజ్రాయుధం ఉన్నట్టు ఆయన చేతిలో పిడుగు ఉంటుంది. ఆయన మొక్క ఇంటిమీద ఉంటే ఆ ఇంటిమీద పిడుగు పడదని వాళ్ళ నమ్మకం.

మొక్కను చూసి పిడుగు పక్కకు తప్పుకుంటుందా? తప్పుకోదు. పిడుగు నుంచి ఇంటిని కాపాడేది కప్పు మీదినుంచి నేలలోకి దించిన లోహపు కడ్డీ. ఆ సంగతి 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చెప్పేదాకా ఎవరికీ తెలియదు. పిడుగు సంగతి ఎట్లా ఉన్నా, ఈ మొక్క కప్పుకు ఉపకారం చెయ్యకపోలేదు. చాపలాగా అల్లుకుపోయి పలకలనూ గడ్డినీ జారిపోకుండా పట్టి ఉంచేది. మట్టీ పేడా కలిపిన ముద్దతో దీన్ని కప్పు మీద అంటించేవారు. మన పల్లెల్లో గోడలు అలికే సరుకే! ఆకు చీల్చి, ఆ రసం చిన్నచిన్న కాలిన పుండ్ల మీద రాసేవారు కూడా. మన పెద్దవాళ్ళు కలబంద గుజ్జు రాస్తారు చూడండి, అల్లాగన్నమాట.

సరే, కప్పు మీద గుప్పెడు మట్టి కూడా ఉండదు గదా. ఎండకు రాయి చెయ్యి పెడితే చురుక్కుమనేటంత కాలుతుంది. చలికాలంలో అదే రాయి మీద మంచు పేరుకుంటుంది, సున్నాకు 20 డిగ్రీల కిందికి పోయినా ఈ మొక్క చావదు. అది ఏం తిని, ఏం తాగి బతుకుతున్నట్టు?

నీళ్ళు ఆకుల్లోనే దాచుకుంటుంది. అందుకే అవి దళసరిగా ఉంటాయి. దాచుకోవటం ఒక ఎత్తు, పోకుండా చూసుకోవటం ఇంకొక ఎత్తు. మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు గాలిని లోపలికి తీసుకుని, సూర్యరశ్మి సాయంతో ఆహారం వండుకుంటాయని మీరు బళ్ళో చదివారు. ఆ గాలి లోపలికి రావాలంటే ఆకు మీది సన్నని ద్వారాలు తెరుచుకోవాలి. ద్వారాలు తెరిస్తే లోపలి నీరు ఆవిరై పోతుంది. తలుపు తీస్తే దొంగ, వేస్తే ఆకలి! మామూలు మొక్క ఒక గ్రాము బొగ్గుపులుసు గాలిని సంపాదించేలోపల సుమారు 400 నుంచి 500 గ్రాముల నీరు పోగొట్టుకుంటుంది.

ఈ మొక్కా, దీని చుట్టాలూ ఒక ఉపాయం కనిపెట్టాయి. పగలు తలుపులు మూసేస్తాయి. రాత్రి, చల్లబడ్డాక తెరుస్తాయి. కాని రాత్రి సూర్యుడు లేడు గదా, వంట ఎట్లా? అందుకని రాత్రి వచ్చిన బొగ్గుపులుసు గాలిని ఒక రకం పులుపుగా మార్చి ఆకుల్లో దాచిపెడతాయి. ఆపిల్ పండులో ఉండే పులుపే అది, దాన్ని మాలిక్ ఆమ్లం అంటారు. తెల్లవారి, ఎండ వచ్చాక, తలుపులు మూసుకుని ఆ పులుపులోంచి గాలిని మళ్ళీ బయటికి తీసి వంట మొదలుపెడతాయి. మీ అమ్మ రాత్రి పప్పు నానబోసుకుని పొద్దున రుబ్బుకోవటం లేదూ? అదే పద్ధతి. ఈ పద్ధతి వల్ల ఒక గ్రాము గాలికి 50 నుంచి 100 గ్రాముల నీటి ఖర్చుతో సరిపెట్టుకోవచ్చు.

ఇక్కడ మనవాళ్ళు తెలుసుకోదగిన సంగతి ఒకటున్నది. కాకినాడ దగ్గర సామర్లకోట ఉన్నది గదా. 18వ శతాబ్దం చివర అక్కడ ఈస్టిండియా కంపెనీవారి మొక్కల తోట ఉండేది. రాక్స్‌బర్గ్ అనే పేరుమోసిన వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని నడిపేవాడు. 1793లో ఆయన కలకత్తా వెళ్ళాక ఆ తోట బెంజమిన్ హైనె అనే జర్మను వైద్యుడి చేతికి వచ్చింది. ఈ హైనె మన రణపాల ఆకును వేళకొక్కసారి నోట్లో వేసుకుని చూశాడు. పొద్దున్నే చుక్కకూరంత పులుపు. మధ్యాహ్నం ఏ రుచీ లేదు. సాయంకాలానికి ఇంచుమించు చేదు. ఈ వింతను ఆయన లండనులోని లిన్నేయన్ సొసైటీకి జాబు రాసి తెలియజేస్తే 1815లో అది అచ్చయింది. రాత్రి పులుపు, పగటి చప్పదనం అన్న ఈ విద్య గురించి నేటికీ శాస్త్రజ్ఞులు చెప్పేటప్పుడు హైనె పేరు ఎత్తకుండా ఉండరు. రణపాల, సెంపర్‌వైవం ఒకే కుటుంబానికి చెందినవి.

మీరు మాత్రం హైనెలాగా ఆకు నోట పెట్టుకోకండి. రణపాల మేసిన పశువులకు గుండె జబ్బు చేస్తుంది. రుచి చూడకుండానే పులుపు కనిపెట్టవచ్చు. నీలం రంగు శంఖుపూలు ఒక గుప్పెడు తెచ్చి వేడినీళ్ళలో వేస్తే నీలిరంగు దిగుతుంది. తెల్లవారక ముందే ఒక రణపాల ఆకు కోసి, నలిపి, రసం ఒక గిన్నెలో తియ్యండి. సాయంకాలం నాలుగింటికి, రోజంతా ఎండలో ఉన్న మరో ఆకు కోసి అల్లాగే తియ్యండి. రెంటిలోనూ శంఖుపూల నీరు సమంగా కలపండి. పొద్దుటి గిన్నెలో నీలం ఊదా వైపు తిరగాలి. తిరిగిందో లేదో నాకు రాయండి.

ఆకుపువ్వు గుండ్రంగా ఉండటం కూడా ఊరికే కాదు. పై ఆకు కింది ఆకుకు నేరుగా నీడ వేస్తే కింది ఆకు ఆకలితో చావాలి. అందుకని కొత్త ఆకు పుట్టినప్పుడల్లా ముందుదానికి సుమారు 137 డిగ్రీలు పక్కకు జరిగి పుడుతుంది. ఇల్లా జరిగి జరిగి పుట్టటంలో మెలికలు తిరిగిన వరసలు ఏర్పడతాయి. అటు తిరిగేవీ ఇటు తిరిగేవీ లెక్కపెడితే 5, 8, 13 వంటి అంకెలు వస్తాయి. ఆకుపువ్వు దొరక్కపోతే అనాసపండు తెచ్చుకోండి. కళ్ళ వరసలు ఒక వైపుకు 8, ఇంకొక వైపుకు 13 ఉంటాయి. లెక్క అయ్యేదాకా కొయ్యనివ్వకండి. బాగా ఎండ కాసినప్పుడూ, చలికాలంలోనూ ఆకుపువ్వు పైఆకులను లోపలికి ముడుచుకుని మధ్యనున్న లేత మొగ్గను కప్పుకుంటుంది. ఆ మొగ్గే దాని ప్రాణం.

ఇప్పుడు పిల్ల అడిగిన ప్రశ్నకు వద్దాం. కాడ కోసేస్తే బతుకుతుందా?

బతకదు. ఎందుకంటే, నడిమి మొగ్గ ఇన్నాళ్ళూ ఆకులు పుట్టిస్తూ వచ్చింది. నాలుగేళ్ళో ఇంకా ఎక్కువో అయ్యాక, ఒక వసంతంలో ఆ మొగ్గే పూలకాడగా మారిపోతుంది. మారాక ఇక అది మళ్ళీ ఆకుల మొగ్గ కాలేదు. కాడ కోస్తే మనం పోగొట్టుకునేది పూలు. ఆకుపువ్వు ఎటూ ఎండిపోతుంది. మనకు అరటి చెట్టు తెలుసు. గెల వేసిన అరటి మళ్ళీ గెల వెయ్యదు, గెల నరికినంత మాత్రాన బోదె బతకదు. కట్టవల వెంట కిత్తనార చూసే ఉంటారు. ఏళ్ళ తరబడి ఊరికే కూర్చుని, ఒకసారి తాటిచెట్టంత కాడ పంపి, పూసి, ఎండిపోతుంది. వీటన్నిటిదీ ఒకటే దారి.

అట్లయితే చిరంజీవి అని పేరెందుకు? పిలకల వల్ల. ఆకుపువ్వు పూతకు రాకముందే ఏటా వసంతంలో ఆకుల కిందినుంచి నాలుగు వైపులకూ సన్నని తీగలు పంపుతుంది. ఒక్కొక్క తీగ చివర ఒక చిట్టి ఆకుపువ్వు. అది నేలకు ఆనిన చోట వేరు దిగుతుంది, కొన్నాళ్ళకు తీగ ఎండి తెగిపోతుంది. తల్లికి దగ్గర చుట్టమైన ఒక రకంలో పిలకలు గోళీల్లాగా గుండ్రంగా ఉండి, దారప్పోగంత తీగకు వేలాడుతూ ఉంటాయి. గాలి వీస్తే చాలు, తెగి కొండవాలున దొర్లుకుంటూ పోయి ఎక్కడ ఆగితే అక్కడ సంసారం పెడతాయి.

ఇంకొకటి గమనించండి. పిలక, విత్తనంలోంచి పుట్టిన పిల్లలాంటిది కాదు. అది తల్లి ఒంట్లో ముక్కే. తల్లి ఏ మొక్కో అదీ అదే మొక్క. ఆ బామ్మగారు ఎనభై ఏళ్ళ కిందట వాళ్ళమ్మగారి కప్పు మీదినుంచి తెచ్చుకున్న ఆకుపువ్వు ఇప్పటిదాకా ఉంటుందా? అది ఎప్పుడో పూసి ఎండిపోయి ఉంటుంది. దాని పిలక పూసి పోయింది, ఆ పిలక పిలకా పోయింది. ఇట్లా ఎన్నిమార్లు జరిగిందో బామ్మగారికే లెక్క ఉండదు. అయినా మూకుట్లో ఉన్నది వాళ్ళమ్మగారి మొక్కే. పిల్ల అనుకున్నట్టు ఈ పూత వల్ల బామ్మగారి మొక్క పోదు.

పిలకలంటూ ఉంటే పోదు!

లేకపోతే? అదే నాకు నిద్రపట్టకుండా చేసిన సంగతి. ఎనభై ఏళ్ళుగా చేతులు మారుతూ వచ్చిన మొక్కను, అరటి బోదెల మధ్య నిలబడి అన్న ఒక్క మాటతో నేను నిర్వంశం చేశానా అని. విత్తనాలు వేస్తే మొలవవా అంటే, మొలుస్తాయి. కాని ఈ మొక్కలు ఒకదానితో ఒకటి ఇట్టే కలిసిపోతాయి. పక్కింటి పుప్పొడి తగిలితే విత్తనంలోంచి వచ్చేది బామ్మగారి మొక్క కాదు, మరోటి.

పిల్ల జవాబు కోసం కాచుకుని ఉన్న నాలుగు రోజుల్లో నా పాత పాపం ఇంకొకటి కూడా జ్ఞాపకం వచ్చింది. అది కూడా చెప్పేస్తాను. కొన్నేళ్ళ కిందట ఉదకమండలం వెళ్ళినప్పుడు ఒక మొక్కల దుకాణంలో ఇల్లాంటి ఆకుపువ్వే కొన్నాను. సెంపర్‌వైవం అనుకుని మురిసిపోయాను. కృష్ణ ఒడ్డున మా ఊరికి తెచ్చి, మంచి నల్లమట్టిలో పాతి, ఎరువు వేసి, సాయంకాలం సాయంకాలం చెంబెడు నీళ్ళు పోశాను. వానలు మొదలైన పదిహేను రోజులకు కింది ఆకులు గాజులాగా అయ్యాయి, ఆపైన మొదలు నల్లబడింది. ఒకనాడు పొద్దున చెయ్యి తగిలితే మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. కుళ్ళిన వాసన.

కాని ఒక ఆకు ఎప్పుడు రాలిందో, కిటికీ గట్టు మీద పడి ఉన్నది. మట్టీ లేదు, నీరూ లేదు. నెల తరవాత చూస్తే దాని మొదట గులాబిరంగు వేళ్ళు, వాటి మధ్య కందిగింజంత ఆకుపువ్వు! అప్పుడు తెలిసింది నాకు, అది సెంపర్‌వైవం కాదని. సెంపర్‌వైవం రాలిన ఆకు సాధారణంగా ఎండిపోతుంది తప్ప మొక్క కాదు. నేను కొన్నది మెక్సికో వైపు మొక్క, ఎచెవేరియా. 18వ శతాబ్దంలో అక్కడి మొక్కల బొమ్మలు వేసిన ఒక చిత్రకారుడి పేరు దానికి పెట్టారు. రెండింటినీ పక్కపక్కన పెడితే పెద్దవాళ్ళే పొరబడతారు. ఎచెవేరియా మంచుకు తాళలేదు. సెంపర్‌వైవం మన మైదానాల ఎండాకాలపు రాత్రులకు తాళలేదు. పగటి ఎండ దానికి భయం లేదు, రాత్రి చల్లబడకపోతేనే కష్టం. చలికాలంలో కొన్నాళ్ళు నిద్రపోవాలి కూడా. కనక మన ఊళ్ళల్లో దాన్ని పెంచాలని పట్టుపట్టటం దండగ. మనకు రణపాల ఉన్నది, కలబంద ఉన్నది, జాగా ఉంటే కిత్తనార ఉన్నది. (కిత్తనార ముళ్ళు కంటికి తగలకుండా చూసుకోండి.)

ఈ జాతి మొక్కలకు నీళ్ళ చెంబే యముడు. నా చెంబుతో చేసిన తప్పు వాళ్ళ ఊళ్ళో వాన చేస్తుంది. చలి చంపదు, మంచు చంపదు. వేళ్ళ దగ్గర నిలవున్న తడి చంపుతుంది. అందుకే మనమరాలికి ఇట్లా చెప్పాను. మూకుడు అడుగున చిల్లు ఉన్నదో లేదో చూసుకో. లోతు అక్కరలేదు, వెడల్పు కావాలి. మట్టిలో సగానికి సగం ముతక ఇసుకో గులకో కలుపు. ఎరువు వద్దు, వేస్తే ఆకులు ఉబ్బి మెత్తబడతాయి, ఎర్రరంగు పోతుంది. రోజుకు ఆరుగంటల ఎండ ఉండాలి. వాన రాక చాలా రోజులైతే తప్ప నీళ్ళు పొయ్యకు. కిందవైపు ఆకులు ఎండటం సహజం, దానికి కంగారు పడకు. ఒక ఆకుపువ్వులో ఆకులు పాలిపోయి, సన్నగా పొడుగ్గా నిలబడి, వాటిమీద నారింజరంగు చుక్కలు కనపడితే మాత్రం అది తుప్పుతెగులు, దాన్ని పీకి దూరంగా పారెయ్యి. ఏమీ లేకుండానే మొక్క వాడిపోతే లాగి చూడు, వేళ్ళు కొరికే తెల్ల పురుగు ఉండవచ్చు. ఒక్కొక్కసారి పిట్టలు పురుగులకోసం మొక్కల్ని పెరికి పక్కన పారేసి పోతాయి. తిట్టుకోకుండా మళ్ళీ తీసి పెట్టు, బతుకుతుంది.

ఈ చివరి మాట చెబుతుండగానే నాకు కొంచెం ఆశ కలిగింది. పిట్ట పారేసింది బతికితే, పిల్ల పారేసింది మాత్రం ఎందుకు బతకకూడదు?

నాలుగోనాడు ఫోను మోగింది.

"తాతయ్యా! దొరికాయి!"

ఏప్రిల్లో ఆ బంతులను ఎక్కడ పారేసిందో మొదట ఎంతకీ జ్ఞాపకం రాలేదట. చెత్తబుట్టలో వేశాననుకుని ఒక పూటంతా ఏడ్చిందట. తరవాత వాళ్ళమ్మ, "నువ్వు మెట్లమీద కూర్చుని గిల్లావు, గోడవైపు విసిరావు" అన్నది. తమ ఇంటికీ బామ్మగారి ఇంటికీ మధ్య పాత రాతిగోడ ఉన్నది, దాని మొదట్లో గులకరాళ్ళు పోసి ఉన్నాయి. పిల్ల మోకాళ్ళమీద కూర్చుని ఒక్కొక్క రాయీ తీసి వెతికింది. తొమ్మిది దొరికాయి. రెండు ఎండి గుల్లలై ఉన్నాయి. తక్కిన ఏడూ అక్కడే, ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పొయ్యకుండా, రాళ్ళ మధ్య వేళ్ళు దించుకుని ఉన్నాయి. ఒకటైతే తలకిందులుగా పడి, పక్కనుంచి వేరు పంపి, తనంతట తానే సగం ఒత్తిగిలిందట.

నేను ఫోనులోనే క్షమాపణ చెప్పుకున్నాను. పిల్ల పెద్ద మనసు చేసుకుని, "పోనీలే తాతయ్యా, ఇకముందు ఏ మొక్కో అడిగి చెప్పు" అన్నది.

ఏడింటిలో నాలుగు మూకుట్లోనే తల్లి చుట్టూ జానెడు జానెడు ఎడంగా పెట్టింది. మూడింటిని గోడ సందుల్లో, బామ్మగారి ఇంటివైపు, బంకమట్టి ముద్దతో అంటించింది. పేడ దొరకలేదట. ఆ ఇంట్లోకి ఇప్పుడు కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళకు అయిదేళ్ళ పిల్లవాడు ఉన్నాడు. వాడు రోజూ వచ్చి ఆ మూడింటినీ వేలితో పొడిచి చూసి పోతున్నాడు.

కాడ జూలై మొదటి వారానికి మూరెడు లేచింది. చివర నక్షత్రాల్లాంటి గులాబిరంగు పూలు, ఒక్కొక్కదానికి పది పదిహేను రేకులు, వాటి నిండా తేనెటీగలు. ఫోటో పంపింది. కింద ఆకుపువ్వు అప్పుడే అంచుల్లో గోధుమరంగుకు తిరుగుతున్నది. పూలు ఎండాక కాడను మొదలంటా కోసి తీసెయ్యమన్నాను. అప్పుడు కత్తెర వాడుకోవచ్చు.

పై నెల తప్పకుండా కాకరపాదు.